తుంటి నొప్పికి ముంజేతి జవాబు

నా ఉద్యోగ జీవితంలో సగం ముంజేతులు చూడటంలోనే గడిచింది. నాడి చూడటానికి కాదు. మోచేతికీ మణికట్టుకూ మధ్య చర్మంలోకి నేను ఎక్కించిన ఒక చుక్క ద్రవం చుట్టూ, మూడో రోజుకి గట్టి వాపు వచ్చిందా లేదా అని వేలితో తడిమి, స్కేలు పెట్టి కొలవటం నా పని. తరువాత ఎక్స్‌రేలు తీశాను, సిమెంటు పట్టీలు వేయటంలో సాయపడ్డాను. అయినా ఈ పని గురించి నాకు తెలిసినదంతా ఆ ముంజేతుల దగ్గర నేర్చుకున్నదే.

ల్యాబు కోర్సు చదువుతున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, ఆ కాలంలో పని ఎలా ఉండేదని అడుగుతుంటారు. బదిలీలూ సీనియారిటీ తగాదాలూ వాళ్ళకు పనికిరావు, నాకూ గుర్తు చేసుకోవాలని లేదు. పిల్లల తుంటి కీళ్ళ గురించి, మనిషి ఒంట్లో ఉండే రోగనిరోధక శక్తి ఆ కీళ్ళ విషయంలో మాతో ఆడిన ఆట గురించి రాస్తాను. ఒక పిల్ల కథ చెబితే మిగతా చాలా విషయాలు అందులోనే వస్తాయి.

సూది అడిగే ప్రశ్న

పందొమ్మిది వందల యాభైలలో నేను ఉద్యోగంలో చేరినప్పుడు క్షయ పరీక్షలు చేసే బృందంతో నల్లగొండ జిల్లా ఊళ్ళు తిరిగేవాణ్ణి. చదువు కొత్తది, ప్యాంటు కొత్తది, ప్రతిదాన్నీ ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టి చెప్పే అలవాటు అప్పటికే ఉంది. ఆ పరీక్ష గురించి నాకు నేర్పింది ఇది. క్షయ క్రిముల నుంచి తీసిన పదార్థాన్ని రవ్వంత చర్మంలోకి ఎక్కించాలి. ఆ క్రిమిని ఇదివరకే చూసిన ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి, కాపలా కణాలను అక్కడికి పంపుతుంది. వాటివల్లే వాపు. ఎన్నడూ చూడని ఒళ్ళు పట్టించుకోదు, చర్మం నున్నగా ఉంటుంది. ఎరుపును లెక్కపెట్టకూడదు, వేలికి తగిలే గట్టితనాన్నే కొలవాలి.

చౌటుప్పల్ దిక్కు ఒక ఊళ్ళో ఒక ముసలాయన మూడో రోజు చెయ్యి చాపి నన్ను నిలదీశాడు.

"ఏం సారూ, మొన్న పొడిచిన్రు, ఇయ్యాల తడుముతున్రు. గిది మందా, మాయనా?"

"మందు కాదు తాతా, పరీక్ష."

"పలక లేదు, బలపం లేదు, పరీక్షేంది? సరే, పాసైననా?"

"వాపు లేదు. ఆ రోగం నీ ఒంటిని తాకలేదన్నట్టు."

"గా మాట జెప్పు! పాసైన!" అని ఆ చెయ్యి పైకెత్తి, పరీక్షకు భయపడి చాటుకు నిలబడ్డ వాళ్ళందరికీ చూపించాడు. ఆ రోజు మాకు చేతులు చాపినవాళ్ళు చాలామంది ఆయన వల్లే చాపారు.

ఆయనకు నేను చెప్పింది పూర్తి నిజం కాదని తరువాత తెలిసింది. ముసలివాళ్ళలో ఆ గుర్తు క్రమంగా చెరిగిపోతుంది. మా సూది క్రిమిని వెతకదు. ఒంటిని ఒక ప్రశ్న అడుగుతుంది, అంతే. ఒంటికి జవాబు చెప్పే శక్తి ఉండాలి కదా. పుస్తకంలో ఈ ముక్క ఉంది, నేను చదివాను కూడా. చదివిన మాట వేలి కిందికి దిగటానికి మాత్రం చాలా కాలం పట్టింది.

కుంటుతూ వచ్చే పిల్లలు

ఊళ్ళు తిరిగాక నన్ను నల్లగొండలో క్షయ రోగులను చూసే దవాఖానకు వేశారు. అక్కడ మా పెద్ద డాక్టరు ఖాదర్ సాబ్. హైదరాబాదు మనిషి, పొడుగు, మాట కటువు. కోపం వస్తే ఉర్దూలోకి, జాలి కలిగితే తెలుగులోకి మారేవాడు. చూపించుకోవటానికి వచ్చిన పిల్లల చేత ఆయన వెంటనే చొక్కా విప్పించేవాడు కాదు, ముందు నడిపించేవాడు. గుమ్మం దగ్గర నుంచి బల్ల దాకా పిల్ల నడిచి వచ్చే తీరు చూసి సగం రోగం చెప్పేవాడు.

కుంటుతూ వచ్చే పిల్లలను ఆయన నాకు ఇలా విడదీసి చెప్పాడు.

ఒకటి, క్రిమి కీలులోకే చేరినవాళ్ళు. క్షయ అయితే మెల్లగా తింటుంది, చీము పుట్టించే క్రిమి అయితే జ్వరంతో గబగబా తింటుంది.

రెండు, కీలులో ఏ క్రిమీ లేనివాళ్ళు. పడిశమో గొంతునొప్పో వచ్చి తగ్గుతుంది, ఆ వెంటనే తుంటి నొప్పి మొదలవుతుంది. ఒంటి కాపలా గొంతులో యుద్ధం ముగించి, ఇంకా వేడి తగ్గక ఏ పాపమూ ఎరుగని కీలు మీద పడినట్టు ఉంటుందని ఆయన అనేవాడు. అది ఎందుకు అలా జరుగుతుందో అప్పుడు ఎవరికీ తెలియదు. ఇప్పటికీ పూర్తిగా తెలిసిందని నేను అనుకోను. పడుకోబెడితే కొద్ది రోజుల్లో దానంతటదే పోతుంది.

మూడు, తొడ ఎముక తలకు నెత్తురు అందక అది మెత్తబడేవాళ్ళు. ఎక్కువగా మగపిల్లలు.

నాలుగోది ఆయన మెల్లగా చెప్పేవాడు. సొంత కీళ్ళనే శత్రువు అనుకుని ఏళ్ళ తరబడి వాటి మీద దాడి చేసే ఒళ్ళు. వాళ్ళకు ఇవ్వటానికి ఆ రోజుల్లో మా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

చిక్కేమిటంటే, మొదటి వారాల్లో వీళ్ళందరూ ఒకేలా కుంటుతారు. ఎక్స్‌రేలో ఎముక చెడినట్టు కనిపించేసరికి చాలా ఆలస్యమైపోతుంది. దానికి తోడు రోగం తుంటిలో ఉంటే పిల్లలు మోకాలు పట్టుకుని ఏడుస్తారు. తల్లిదండ్రులు మోకాలికి ఆకు కట్టి తెస్తారు. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పిల్ల అయితే ఇంకో తొందరపాటు మాలోనే ఉండేది. ఫ్లోరైడు ఉన్న అక్కడి నీళ్ళు ఎముకలను చెరుపుతాయని అందరికీ తెలుసు కాబట్టి, కుంటు కనబడగానే "నీళ్ళు" అని ఒక్క మాటతో తేల్చేవాళ్ళు మా దవాఖానలో కొందరు ఉండేవారు. ఖాదర్ సాబ్ అలా అనగా నేను ఎన్నడూ వినలేదు.

యాదమ్మ

ఆ మర్రిగూడ వైపు నుంచే వచ్చింది యాదమ్మ. ఆరేళ్ళు ఉంటాయి. తండ్రి నర్సయ్య భుజం మీద ఎత్తుకుని తెచ్చాడు. వెంట నర్సయ్య తల్లి, సన్నగా, నిటారుగా ఉండే అవ్వ. పిల్ల తల్లి పచ్చి బాలింత అని ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఎడమ మోకాలికి జిల్లేడాకు కట్టి ఉంది.

ఖాదర్ సాబ్ ఆకు విప్పించలేదు. నడవమన్నాడు. పిల్ల నాలుగు అడుగులు వేసి గోడ పట్టుకుంది.

"మోకాలే సాబు," అన్నాడు నర్సయ్య. "ఆడ్నే పట్టుకొని ఏడుస్తది."

డాక్టరు పిల్లను బల్ల మీద పడుకోబెట్టి తొడ మెల్లగా పక్కకు తిప్పాడు. పిల్ల కెవ్వుమంది. "మోకాలు కాదు నర్సయ్యా. తుంటి," అన్నాడు.

అప్పుడు మామూలు ప్రశ్నలు. అవి మా అందరికీ నేర్పినవే, నేనే అడిగేవాణ్ణి. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా? లేదన్నారు. పిల్ల కింద పడిందా? లేదు. ఈ మధ్య ఏదైనా రోగం వచ్చిందా?

"ఏ రోగం లేదు సారూ," అన్నాడు నర్సయ్య. "జర పడిశం పట్టింది, కండ్లు ఎర్రగైనయ్. గంతే."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది.

ఎక్స్‌రే తీశాను. ఎముక బాగానే ఉంది. చేతికి సూది వేశాను. మూడో రోజు దాకా ఆపి ఉంచాం. ఆ చెయ్యి మీద ఏం ఆధారపడి ఉందో నర్సయ్యకు డాక్టరు దాచకుండా చెప్పాడు. వాపు వస్తే క్షయ అనుకోవాలి. ఛాతీ నుంచి పాదం దాకా సిమెంటు పట్టీ, నెలల తరబడి పడక, రోజూ సూదులు. రాకపోతే పడిశం వెంట వచ్చిన నొప్పి, ఇంటి దగ్గర పడుకుంటే పోతుంది. క్షయ అయి ఉండీ వదిలేస్తే తొడ ఎముక తల కరిగి కాలు పొట్టిదవుతుంది, జన్మంతా అంతే.

మూడో రోజు తడిమాను. వెన్నలా ఉంది చెయ్యి. మళ్ళీ తడిమాను. సాబ్ వచ్చి తన వేలితో చూశాడు. "కుచ్ నహీ, ఏం లేదు," అన్నాడు. పడిశం ఉంది, ఎక్స్‌రే బాగుంది, చెయ్యి నున్నగా ఉంది. అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టమన్నాడు.

నర్సయ్య మొహం వెలిగిపోయింది. "బతికిచ్చినవ్ సాబు! అవుతల చేన్ల ఆముదాలు పగులుతున్నయ్, ఇంట్ల నా పెండ్లాం బాలింత. నెలలు నెలలంటే ఏడ సచ్చేది?"

తల్లి పోసింది

వాళ్ళు గేటు దగ్గర బస్సు వేళ కోసం కూర్చున్నారు. నేను టీ తాగటానికి బయటికి వెళుతుంటే అవ్వ పిలిచింది.

"ఓ బిడ్డా, గీ దగ్గర పోచమ్మ గుడి ఏడున్నది?"

"ఎందుకవ్వా?"

"మొక్కుకొని పోత. ఊళ్ళెకు పోయి బోనం ఎత్తాలె. బాకీ ఉన్నది. గందుకే కాలు పట్టింది తల్లి. మా నర్సిగానికి చెప్తే ఇంటడా? దవాఖాన అంటడు."

"ఏం బాకీ?"

"పోరికి తల్లి పోసె గదా. నీళ్ళు పోసి పక్షం కాలే. బోనం ఎక్కియ్యకముందే ఈడు ఎత్తుకొని ఉరికె."

తల్లి పోయటమంటే తట్టో ఆటలమ్మో; అవి వచ్చి తగ్గిన ఒంటికి కొన్నాళ్ళు మా సూదికి జవాబు చెప్పే శక్తి ఉండదు. "అవ్వా, మొన్న రోగం ఏం రాలేదన్నారు కదా!"

ఆమె నన్ను వింతగా చూసింది. నర్సయ్య కూడా.

"తల్లి రోగమెట్లయితది సారూ?" అన్నాడు నర్సయ్య. "తల్లి వొచ్చింది, పోయింది. గది దవాఖానల జెప్పే మాటనా?"

"గట్ల పేరువెట్టి రోగమంటే మళ్ళొస్తది," అంది అవ్వ గట్టిగా.

చెప్పకుండా దాచటం కాదది. అడిగిన దానికి వాళ్ళు సరిగ్గానే జవాబు చెప్పారు. ఆ ఇళ్ళల్లో తట్టు రోగాల్లో ఒకటి కాదు, వచ్చి వెళ్ళే అతిథి. వేపమండలు కట్టి, పసుపునీళ్ళు చల్లి, వెళ్ళిపోయేదాకా మర్యాద చేసి పంపిస్తారు. దాని గురించి పరాయి చోట మాట్లాడరు.

టీ మానేసి లోపలికి పరుగెత్తాను. ఖాదర్ సాబ్ రోగిని చూస్తున్నాడు. విన్నాడు. స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "పిలువు వాళ్ళను," అన్నాడు. నేను పిలవబోతుంటే, "నై, నేనే వస్త" అని లేచాడు.

ఎండలో నిలబడి అవ్వను అడిగాడు. "అమ్మా, ఎట్ల పోసింది? నీళ్ళ పొక్కులా?"

"గవి కావు సాబు. సన్నగ, ఎర్రగ, మొగమంత, వీపంత. కండ్లు మూసుకపోయినయ్. దగ్గు, పడిశం."

"తట్టు," అన్నాడు నా వైపు తిరిగి. తరువాత అవ్వతోనే, "తల్లి పోయినంక పిల్లను ఎట్ల చూసుకుంటరు మీరు?" అన్నాడు.

"గడప దాటనియ్యం. ఎవలి నీడ పడనియ్యం. ఒళ్ళు గుల్లయితది గద సాబు, సోయి ఉండది. ఏ గాలి తాకినా ఆగదు. నేను వొద్దంటనే ఉన్న, బస్సుల ఏసి తెచ్చిండు."

సాబ్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. పెద్ద డాక్టరు అలా నేల మీద కూర్చోవటం నేను అదే మొదటిసారి చూడటం. "అమ్మా, నువ్వు చెప్పిందే నేను చెప్తున్న. ఒళ్ళు సోయిల లేదు. మేము ఆ ఒంటికి సూది పెట్టి ప్రశ్న అడిగినం. నిద్రపోయేటోన్ని పిలిస్తే పలుకుతడా? పలుకలేదని ఇంట్ల ఎవరు లేరనుకున్న నేను."

నర్సయ్యకు విషయం అర్థమవుతూనే కోపం వచ్చింది. "ఇప్పుడే పొమ్మంటిరి, ఇప్పుడే ఉండుమంటిరి. మా బతుకు మీకు ఆటనా సాబు?"

"పొమ్మన్నది తప్పు," అన్నాడు సాబ్. సాగదీయలేదు, ఇంకో మాట కలపలేదు. "రాత్రి నిద్రల పిల్ల కేక పెట్టి లేస్తదా?"

అవ్వ అంది. "లేస్తది. దినాం."

క్షయ పట్టిన తుంటికి అదొక గుర్తు. మెలకువలో కండరాలు కీలును బిగపట్టి కదలకుండా కాస్తాయి, నిద్రలో అవి సడలగానే నొప్పి పొడుస్తుంది. సాబ్ లేచి నిలబడ్డాడు. "కొన్ని వారాలు ఈడ ఉంచుండ్రి. తిండి పెడత, కాలికి బరువు కడత. ఒంటికి సోయి వచ్చినంక మళ్ళ అడుగుదం."

"బోనమో?" అంది అవ్వ.

"పిల్ల నడిచి వచ్చి ఎక్కిస్తదమ్మా. అందాక తల్లిని ఆగుమను."

అవ్వ కొడుకుతో అంది. "నువ్వు పోరా, ఆముదాలు ఏరుకో. నేను ఉంట దీనితోని."

రెండోసారి

మంచం కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసి, పిల్ల కాలికి బరువు కట్టి వేలాడదీశాం. పాలు, గుడ్లు, అవ్వ తెప్పించుకున్న జొన్న గటక. సాబ్ వార్డులోకి వచ్చినప్పుడల్లా అవ్వ అడిగేది: "ఏమంటది సాబు, మీ సూది? పలికిందా?" "ఇంకా పడుకున్నదమ్మా," అనేవాడాయన.

కొన్ని వారాలకు పిల్ల బుగ్గల్లో కాస్త రంగు వచ్చాక రెండో చేతికి సూది వేశాను. మూడో రోజు ఉదయం నర్సయ్య కూడా వచ్చి ఉన్నాడు. నేను వేలు పెట్టాను. చర్మం కింద గట్టిగా, అంచు తెలిసేలా, రూపాయి బిళ్ళంత తగిలింది. నాకు తెలియకుండానే నవ్వు వచ్చింది.

"వాపొస్తే నవ్వుతున్నవేంది సారూ?" అన్నాడు నర్సయ్య బెదిరిపోయి.

నిజమే. ఆ వాపు అర్థం క్షయ అని. పిల్లకు ముందున్నది సిమెంటు పట్టీ, సూదులు, నెలల పడక. కానీ అదే వాపుకు ఇంకో అర్థం కూడా ఉంది. ఒళ్ళు లేచింది, శత్రువును గుర్తుపడుతోంది, మేము ఇచ్చే మందుతో కలిసి పోరాడగలదు. ఎక్స్‌రేలో ఎముక తల ఇంకా గుండ్రంగానే ఉంది. మాకు దొరకాల్సిన సమయం దొరికింది.

ఇదంతా నేను నర్సయ్యకు చెప్పలేకపోయాను. అవ్వే చెప్పింది. "పలికిందిరా. ఇగ వీళ్ళు జూస్కుంటరు."

కొన్ని అభిప్రాయాలు

తరువాత నన్ను మహబూబ్‌నగర్ జిల్లాకు వేశారు. కల్వకుర్తి వైపు ఊళ్ళల్లో పనిచేసినన్నాళ్ళూ, పిల్ల చేతికి సూది పెట్టేముందు "రోగం వచ్చిందా" అని ఎన్నడూ అడగలేదు. "ఈ మధ్య తల్లి పోసిందా అమ్మా?" అనే అడిగేవాణ్ణి. ఎందరో తలలు ఊపేవాళ్ళు. ఆ పిల్లల చేతులు నున్నగా ఉంటే దాన్ని జవాబుగా తీసుకోలేదు. తిండి లేక ఎండిపోయిన పిల్లల విషయంలోనూ అంతే.

ఖాదర్ సాబ్ గురించి ఒక మాట. ఆయన కన్నా ఎక్కువ చదివిన డాక్టర్ల కింద కూడా పనిచేశాను. గేటు దాకా నడిచి వెళ్ళి, రోగి ముందు తన మాటను వెనక్కి తీసుకున్నవాణ్ణి మాత్రం ఆయన్ని ఒక్కణ్ణే చూశాను. లోపల కూర్చుని వాళ్ళను పిలిపించి ఉంటే అవ్వ ఆగేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు మీ దగ్గర యంత్రాలు చాలా ఉన్నాయి. నెత్తురు చూసి ఒంటి కాపలా ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ తక్కువైందో చెబుతాయి. మంచిదే. అయినా మీ యంత్రం కూడా ఒంటిని ఒక ప్రశ్నే అడుగుతుంది. ఏ ఒంటిని, ఏ స్థితిలో అడుగుతున్నారో తెలుసుకోవటం మీ పని. అది నెత్తురులో దొరకదు, వెంట వచ్చినవాళ్ళను అడగాలి. వాళ్ళ మాటల్లో అడగాలి.

బోనం

నా బదిలీకి ముందే యాదమ్మ పట్టీ కోశాం. కాలు పుల్లలా సన్నబడింది. కీలు కొద్దిగా బిగిసింది, కానీ ఎముక తల నిలిచింది, కాలు పొట్టి కాలేదు. మొదటి రోజు నేల మీద పాదం పెట్టటానికి భయపడి నా చొక్కా పట్టుకుని వేలాడింది. ఇంటికి వెళ్ళేనాటికి మంచాలు పట్టుకుని వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది.

తరువాత, నేను ఇంకా అక్కడ ఉండగానే, మందు బిళ్ళల కోసం నర్సయ్య ఒక్కడే వచ్చాడు. ఖాదర్ సాబ్ ఆ రోజు రోగుల మధ్య ఉన్నా తల ఎత్తి అడిగాడు. "బోనం ఎక్కించినరా?"

"ఎక్కిచ్చినం సాబు. మా అవ్వ ఎత్తింది. పోరి ఎనుక నడిచింది."

"ఎత్తుకోలేదు గదా నువ్వు?"

"ఎత్తుకుంటనంటే మా అవ్వ తిట్టింది. సాబు నడిచి రమ్మన్నడు అన్నది." నర్సయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "బోనం నెత్తిన ఉన్నంక ఎనుకకు మర్లి చూడొద్దంటది మా అవ్వ. గందుకే పోరి కాళ్ళకు గజ్జెలు కట్టింది. సప్పుడు ఇనుకుంట ముంగట నడిచింది. మా అవ్వ గంత మెల్లగ నడువంగ నేను ఎన్నడు చూడలే సాబు. ఒక సప్పుడు గట్టిగ, ఒక సప్పుడు మెల్లగ. గుడిదాక ఏడా ఆగలే."